సూర్యకాంతం చెవుల పరీక్ష

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఒడ్డుకు ఆనకముందే సూర్యకాంతానికి సగం బేరాలు తెలిసిపోయేవి. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళలో ఎవరన్నా పక్కవాడితో "ముందు పొట్టిక్కలు తిని పోదాంరా" అంటే చాలు. వాళ్ళు గట్టెక్కి బడ్డీ దగ్గరికొచ్చేసరికి పనసాకు బుట్టలు విప్పి, వాటిలో ఉడికి పొగలు కక్కే ఇడ్లీల్లాంటి పొట్టిక్కల మీద అల్లం పచ్చడి వేసి సిద్ధంగా ఉంచేది. "మేం ఇంకా అడగందే!" అని వాళ్ళు ఆశ్చర్యపోతే నవ్వి ఊరుకునేది.

ఆమెకు చెవులు వినబడవు. ఆరో తరగతిలో ఉండగా మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ వినికిడి పోయింది. అప్పటికే మాటలు వచ్చు కాబట్టి మాట నిలిచింది, కాకపోతే గొంతు కాస్త పెద్దది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకోవడం తనంతట తానే నేర్చుకుంది. కిళ్ళీ నములుతూ మాట్లాడేవాళ్ళతో తప్ప ఆమెకు ఎవరితోనూ పేచీ లేదు. వికలాంగుల పింఛను వస్తుంటే దాంతోనే బడ్డీ పెట్టింది, దాంతోనే గ్రైండరు కొంది.

ఆ ఏడాది వికలాంగుల పింఛను తీసుకునేవాళ్ళందరికీ మళ్ళీ పరీక్షలన్నారు. గ్రామ సచివాలయంలో పనిచేసే ప్రవీణ్ కుమార్ వచ్చి శిబిరం ఎప్పుడో చెప్పి వెళ్ళాడు. అతను గడప దాటాడో లేదో అత్తగారు అప్పాయమ్మ కోడలిని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది.

"ఒసేయ్ కాంతం, డాక్టరు ఏం అడిగినా పలక్కు. పేరడిగినా సరే, గోడకేసి చూస్తా ఉండు. ఆ మాటలన్నీ నేను చూసుకుంటాను."

"లేని చెవుడైతే నటించాలి గానీ, ఉన్న చెవుడికి నటనెందుకు అత్తయ్యా?"

"నీ మొహం! నువ్వు టకటకా బదులిస్తా ఉంటే చెవుడని ఎవరు నమ్ముతారే?"

"నమ్మకపోతే చెప్తాను" అంది సూర్యకాంతం.

శిబిరంలో జనం కిటకిటలాడుతున్నారు. వినికిడి చూసే యంత్రం పొద్దున్నుంచీ పనిచేయడం లేదని అప్పాయమ్మ ఎవరినో అడిగి తెలుసుకొచ్చింది. బల్ల వెనక కూర్చున్న డాక్టరు బాగా అలిసిపోయి ఉన్నాడు.

"మీ పేరేంటమ్మా?"

"సూర్యకాంతం అండి."

"ఏం చేస్తుంటారు?"

"రేవులో టిఫిను బడ్డీ అండి."

"పొద్దున్న ఏం తిన్నారు?"

"ఇంకా ఏం తినలేదండి. మీరూ తిన్నట్టు లేరు."

డాక్టరు నవ్వాడు. పక్కనున్న నర్సుతో అన్న మాట అతని పెదాల మీద స్పష్టంగా కనబడింది: "బానే వినబడుతోంది. శాతం తక్కువ వేసెయ్."

"వినబడటం కాదండి, కనబడతంది!" అంది సూర్యకాంతం గబగబా. "మీ పెదాలు చూసి చెప్తన్నాను."

అప్పటికే అతను తన వెనక నిలబడ్డ మనిషి కేసి తిరిగిపోయాడు. ఏమన్నాడో, అసలు ఏమైనా అన్నాడో ఆమెకు తెలియలేదు. నర్సు చెయ్యూపి పక్కకు జరగమంది.

కొన్నాళ్ళకు నోటీసు వచ్చింది. వైకల్యం నలభై శాతం లోపే ఉంది కాబట్టి పింఛనుకు అర్హురాలు కాదట. ఆ ఒకటో తారీకున ప్రవీణ్ కుమార్ వీధిలో అందరికీ పింఛన్లు పంచి, వీళ్ళ గుమ్మం ముందు తలొంచుకుని నిలబడ్డాడు. అప్పాయమ్మ అతన్నీ, డాక్టర్నీ, కోడలి నోటినీ కలిపి ఒకే ఊపులో తిట్టింది. తన కేసి తిరిగి తిట్టినవన్నీ సూర్యకాంతం చదువుకుంది. ఆమెకు బాధేసింది. డబ్బు ఆగినందుకు కాదు. ఏళ్ళ తరబడి కళ్ళు చిట్లించి సంపాదించుకున్న నేర్పే తన మీద ఎదురు సాక్ష్యం చెప్పినందుకు.

ఆ సాయంత్రం మస్కట్ నుంచి మొగుడు దుర్గారావు వీడియో కాల్ చేశాడు. సిగ్నలు సరిగా లేక అతని పెదాలు మధ్య మధ్య ఆగిపోతున్నాయి.

"పోనీలే కాంతం, వదిలేయ్. నేను పంపుతున్నాను కదా."

"మీరు పంపేది మీ కష్టమండి. ఇది నాది. వినబడని చెవులు వినబడుతున్నాయని ఎవరన్నా రాసిస్తే అలా ఊరుకుంటానా?"

మర్నాడు బడ్డీ తొందరగా కట్టేసి సచివాలయానికి వెళ్ళింది. ప్రవీణ్ కుమార్ ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని, నిదానంగా పెదాలు కదుపుతూ చెప్పాడు. "అప్పీలు పెట్టుకోవచ్చండి. ఈసారి పెద్దాసుపత్రిలో యంత్రం మీదే చూస్తారు. మీరు ధైర్యంగా ఉండండి."

"ధైర్యానికేం లోటు లేదండి, కాయితం రాయండి" అంది.

రెండోసారి పరీక్షకు పెద్దాసుపత్రికి వెళ్ళేటప్పుడు అప్పాయమ్మ బస్సులో మళ్ళీ పాఠం ఎత్తుకుంది. సూర్యకాంతం కిటికీ బయట కొబ్బరితోటలు చూస్తూ కూర్చుంది. అత్తగారి పాఠాల నుంచి తప్పించుకోడానికి ఆమెకున్న సదుపాయం అదొక్కటే.

ఈసారి డాక్టరమ్మ. నడివయసు, నెమ్మదైన మనిషి. ఆవిడ నోరు తెరవబోతుండగానే సూర్యకాంతం చెయ్యెత్తింది.

"ఒక్క మనవండి. నాకు చెవులు వినబడవు గానీ పెదాలు చదవడం వచ్చండి. కిందటిసారి అందుకే వినబడతందనుకున్నారు. మీరు అటు కిటికీ కేసి తిరిగి, నన్నేదన్నా అడగండి."

డాక్టరమ్మ కుర్చీ తిప్పుకుంది. జడ మాత్రమే కనబడుతోంది. సూర్యకాంతం ఏం తోచక అత్తగారి కేసి చూసింది. అప్పాయమ్మ ఉలిక్కిపడి, గుండెల మీద చెయ్యేసుకుని ఏదో చెప్పేస్తోంది.

డాక్టరమ్మ ఇటు తిరిగింది. "నేనేం అడిగాను?"

"తెలీదండి. కానీ మా అత్తయ్య 'ఆయ్, పువ్వుల్లో పెట్టి చూసుకుంటన్నానండి' అన్నారు. దాన్నిబట్టి, అత్తగారు బాగా చూసుకుంటారా అని అడిగేరనుకుంటున్నాను."

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. అప్పాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి నిజమేనా?" అంది డాక్టరమ్మ.

"రోజూ పువ్వుల్లో అనలేనండి. బాగానే చూసుకుంటారు."

తర్వాత చిన్న గదిలోకి తీసుకెళ్ళి, నుదుటి మీదా చెవుల వెనకా తీగలు అంటించి పడుకోబెట్టారు. "మీరేం చెప్పక్కర్లేదు. శబ్దం అందితే ఆ సంగతి యంత్రానికే తెలుస్తుంది" అంది డాక్టరమ్మ. సూర్యకాంతం కళ్ళు మూసుకుంది. ఎవరి పెదాల కోసమూ వెతకనక్కర్లేని తీరిక అది. తెల్లవారకముందు లేచిన ఒళ్ళు కావడంతో హాయిగా నిద్రపట్టేసింది.

లేపేసరికి పని అయిపోయింది. డాక్టరమ్మ తెర మీద గీతలు చూపించింది. చెవి పక్కన పెద్ద పెద్ద మోతలు పెట్టినా గీత లేవలేదు.

"రెండు చెవులూ పూర్తిగా పోయాయి. ఇందులో అనుమానమే లేదు. ఈ పెదాల సంగతి మొదటిసారే చెప్పకపోయారా?"

"చెప్పేనండి. అప్పటికే ఆయన మొహం తిప్పేసుకున్నారు."

డాక్టరమ్మ రాయాల్సింది రాసి, సంతకం పెట్టి, కాగితం ఆమె చేతికే ఇచ్చింది.

పింఛను తిరిగి రావడానికి కొంత కాలం పట్టింది గానీ వచ్చింది. ప్రవీణ్ కుమార్ పొద్దున్నే రేవుకొచ్చి ఇచ్చాడు. అప్పాయమ్మ ఆ రోజు వచ్చిన ప్రతివాడికీ "నేను పక్కన లేకపోతే మా కోడలు గెలిచేదా?" అని చెప్పుకుంది. అందులో కొంత నిజం ఉంది కాబట్టి సూర్యకాంతం కాదనలేదు.

ఆ కబురు అంతర్వేది దాకా పాకింది. ఒక వారం పోయాక రమణమ్మ అనే ముసలామె, పింఛను ఆపేసిన నోటీసు చేత్తో పట్టుకుని, బడ్డీ ముందు నిలబడింది. ఆమెకూ వినబడదు, ఆమెకూ పెదాలు చదవడం వచ్చు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, గొంతు బయటికి రాకుండానే చాలాసేపు మాట్లాడుకున్నారు. టిఫినుకొచ్చినవాళ్ళు వింతగా చూశారు.

"ఆ డాక్టరమ్మ నా మాట వింటుందంటావా?" అంది రమణమ్మ.

"వింటారండి. వినకపోతే వినేదాకా చెబుదాం. మంగళవారం తయారుగా ఉండండి, నేనొస్తాను" అంది సూర్యకాంతం, ఈసారి పైకే.

"మరి మంగళవారం బడ్డీ ఎవరు చూస్తారే?" అంది వెనకనించి వచ్చిన అప్పాయమ్మ, కోడలి భుజం పట్టి తన వైపుకు తిప్పుకుని.

"మీరే అత్తయ్యా" అంది సూర్యకాంతం, పిండి గరిటె ఆమె చేతిలో పెట్టి.