ఎర్ర గీత

ఓక్‌బున్‌కు ఊపిరి అందించే ఆక్సిజన్ మిషన్ పొద్దున్నే ఆగిపోయింది. పదిహేడేళ్ల పాతది. తుఫాను వల్ల అవతలి ఒడ్డునున్న తొంగ్యోంగ్ పట్నం నుంచి ద్వీపానికి పడవ రావడం లేదు. మంచం పక్కన సిలిండరు ఒక్కటే ఉంది, రెండు గంటలకు మించి రాదు. ఆమె భర్త పన్‌సిక్ నలభై ఏళ్లుగా ఊళ్లో రేడియోలూ టీవీలూ బాగుచేస్తున్నవాడే. అయినా ఇవాళ మిషన్ మూత కంగారుగా విప్పాడు.

బోర్డు మీద కండెన్సర్ ఒకటి ఉబ్బిపోయి కనబడింది. దొంగ దొరికాడనుకున్నాడు. దాన్ని పీకేసి, పెట్టెలో ఉన్న ఒకే ఒక్క కొత్తదానికి టంకం పెట్టి స్విచ్చి వేశాడు. ఆ కొత్తది ఠప్పున పేలింది. గది నిండా పొగ.

"ఏమైందయ్యా?" అంది ఓక్‌బున్.

"తిరగేసి పెట్టాను. నల్లరంగు వేసినవైపు మైనస్ అనుకున్నా. ఈ దిక్కుమాలిన బోర్డులో ప్లస్‌కి వేశారు."

"పీకేముందు పాతదాని ప్లస్ వైపు బోర్డు మీద ఎర్ర గీత గీసుకోమని ఊరందరికీ చెబుతావుగా!"

చెబుతాడు. బోర్డు మీది గుర్తు అబద్ధమాడొచ్చు గాని, అక్కడే ఇన్నేళ్లు బతికిన పాత భాగం అబద్ధమాడదని శిష్యులందరికీ నూరిపోసినవాడు. కంగారులో తన పాఠం తనే మరిచాడు. చేజేతులా భార్య గొంతు నొక్కినట్టనిపించి అతనికి ఏడుపొచ్చింది.

సిలిండరు ముల్లు సగానికి దిగింది.

అప్పుడే ఊరి మైకు మోగింది. పడవల తాళ్లు చూసుకోమని హెచ్చరిక. ఆ మైకు ఆంప్లిఫయర్‌లో అదే కొలత కండెన్సర్ నిరుడు తనే వేశాడు. వానలో మైకు గదికి పరుగెత్తి వెళ్లి దాన్ని ఇమ్మని అడిగాడు.

ఊరిపెద్ద బంగ్ దొక్‌సు తల పట్టుకున్నాడు. "తుఫాను రోజున మైకు నోరు మూయిస్తావా అన్నా? రేపు ఒక్క పడవ పోయినా రేవంతా నామీద పడుతుంది."

పన్‌సిక్ తడి నేల మీదే కూలబడ్డాడు. "మీ వదినకి గంట కూడా లేదురా."

"ఆ మాట ముందు చెప్పొద్దా!" దొక్‌సు ఆంప్లిఫయర్ వైరు లాగేశాడు. "నాకు గొంతుందిలే. పీకు."

పన్‌సిక్ ముందుగా ఎర్ర గీత గీశాడు. తర్వాతే పీకాడు.

ఇంటికొచ్చేసరికి ముల్లు అడుగంటింది. ఓక్‌బున్ పెదవులు నీలంగా ఉన్నాయి. మీటరు పెట్టి రెండుసార్లు చూసుకుని టంకం పెట్టాడు. స్విచ్చి మీద వేలు పెట్టాడు గాని నొక్కే ధైర్యం చాలలేదు. ఓక్‌బున్ చేయి చాచి ఆ వేలి మీదే నొక్కింది. మిషన్ ఒకసారి దగ్గి, గుర్రుమని నడిచింది.

చాలాసేపటికి బయట అరుపులు వినబడ్డాయి. దొక్‌సు వానలో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. గొంతు అప్పటికే బొంగురుపోయింది. "తాళ్లు చూసుకోండి! తాళ్లు!" వాళ్ల గుమ్మం ముందు ఆగాడు.

"వదినా, ఉన్నావా?"

ఓక్‌బున్ ఊపిరి కూడగట్టుకుంది.

"ఉన్నాలే. నువ్వు తలమీద ఏదైనా కప్పుకో."