ఊరికే ఎక్కనివాళ్ళు

కౌన్సిల్ ఆఫీసులో మొదటి అంతస్తు, మెట్ల పక్క గది నాది. మనుషుల్ని అద్దెకు ఎక్కించుకునే బళ్ళకు ఇరవై ఆరేళ్ళుగా లైసెన్సులు ఇస్తున్నాను. ట్యాక్సీలు సరేసరి. అవి కాక ఈ ఊరి జనానికి పుట్టే బుద్ధులన్నీ నా బల్ల మీదికే వచ్చి పడతాయి. పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు తాగి కేకలు వేసుకుంటూ తిరగడానికి గులాబీ రంగు పొడుగు కారు, బడి చివరి రోజు పిల్లల్ని డాన్సుకు తీసుకెళ్ళడానికి పాత ఫైరింజను. ఒకాయన శవాల బండి కొని, సీట్లు వేయించి, పుట్టినరోజులకు తిప్పుకుంటానన్నాడు. ఇలాంటి వింత వాహనాల కోసం మా దగ్గర పదకొండు పేజీల నియమాలున్నాయి. అందులో ఏడు పేజీలు నేనే రాశాను. రాసినప్పుడు ఏదో ఘనకార్యం చేసినట్టుండేది. ఇప్పుడు ఆ కాగితాలు చూస్తేనే ఆవలింతలు వస్తాయి.

విల్ఫ్ కెర్షా తన పాలబండికి దరఖాస్తు పెట్టింది ఆ నియమాల కిందే. బ్యాటరీతో నడిచే పాత బండి అది. పక్కలకు తలుపులుండవు, గంటకు పదిహేను మైళ్ళు దాటదు. ముప్పై ఏళ్ళు దాని మీదే మూర్‌సైడ్ కొండ ఇళ్ళకు పాలు వేశాడు. పాల కంపెనీ మూతపడ్డప్పుడు ఆ బండిని ఇంటికి తెచ్చుకున్నాడు. రెండు చలికాలాల కిందట కొండ మీదికి వెళ్ళే బస్సు ఆపేశారు. ముసలివాళ్ళు పైన చిక్కుకుపోయారు. గురువారం గురువారం వాళ్ళని కిందికి దించి, మళ్ళీ పైకి చేరుస్తానన్నది విల్ఫ్ ఆలోచన.

"ఎనిమిది మందే, క్లైవ్. సీసాల పెట్టెలుండే చోట సీట్లు వేశాను. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు," అన్నాడు.

నేను నియమాలు తీశాను. తలుపులుండాలన్నాను. మూతపడ్డ పబ్బు తలుపులు కోసి బిగించుకొచ్చాడు. బెల్టులన్నాను. పెట్టించాడు. పద్నాలుగు నెలలు నా చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి బ్రేకు పరీక్ష దగ్గర అంతా ఆగిపోయింది. ముప్పై మైళ్ళ వేగంలో ఉండగా బ్రేకు వేసి చూడాలని రాసి ఉంది. పదిహేను దాటని బండిని ముప్పైకి ఎలా తెస్తారు? ఆ ముక్క రాసింది కూడా నేనే. రాసేటప్పుడు నా బుర్రలో పాలబండి లేదు.

ఆ రోజు మా ఇద్దరికీ ఓపిక అయిపోయింది. కిటికీ అవతల వాన. విల్ఫ్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"ఒక దారుంది," అన్నాను. "డబ్బు తీసుకోకు. డబ్బనే కాదు, ఏదీ తీసుకోకు. పక్కింటావిణ్ణి ఊరికే బండెక్కించుకుంటే మా లైసెన్సుతో పని లేదు. అది మా జోలికి రాదు."

"ఊరికేనా?" అని నవ్వాడు. "మూర్‌సైడ్ వాళ్ళు నీకు తెలీదు నాయనా. ఊరికే అంటే ఎక్కరు."

"చెప్పి చూడు."

చెప్పి చూశాడు కాబోలు, ఏప్రిల్ నుంచి బండి నడిచింది. ఎనిమిది మంది ఆడవాళ్ళు గొడుగులు పట్టుకుని పబ్బు తలుపుల వెనక కూర్చుని కొండ దిగుతుంటే నేను కూడా కిటికీలోంచి చూశాను. ఈ ఉద్యోగంలో నాకు సంతోషం కలిగిన రోజులు తక్కువ. అది ఒకటి.

వాళ్ళలో ఇర్మా ప్లాట్ ఒకావిడ. ఎనభై నాలుగేళ్ళు. భర్త ఎర్నెస్ట్ కొండ కింద వృద్ధాశ్రమంలో ఉన్నాడు. ఆయన మనుషుల్ని, పేర్లని మరిచిపోయాడు. ఈవిడ గొంతు మాత్రం గుర్తుపడతాడట. ఈవిడ పక్కన కూర్చుంటేనే నాలుగు ముద్దలు తింటాడని అక్కడి నర్సు చెప్పింది. ట్యాక్సీలో పోయి రావడానికి పద్దెనిమిది పౌండ్లు. పింఛను మీద బతికే మనిషికి ప్రతివారం అది అయ్యే పని కాదు. ఆవిడకి ఆ పాలబండి ఉంటే భర్త ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

అక్టోబరులో ఒక ట్యాక్సీ యజమాని ఫిర్యాదు రాశాడు. లైసెన్సు లేకుండా కెర్షా బాడుగకు తిప్పుతున్నాడని, జనం ఏదో ఒకటి ఇస్తూనే ఉన్నారని. నేను వెళ్ళి చూడక తప్పలేదు. గురువారం మధ్యాహ్నం సంత పక్కన బండి ఆగి ఉంది. విల్ఫ్ సీటు పక్కన, పాల సీసాలు పెట్టే ఇనుప బుట్టలో, అరడజను గుడ్లు, ఒక కేకు, ఊలు మేజోళ్ళు, రూబర్బ్ కాడల జామ్ సీసా ఉన్నాయి.

"ఇవేంటి విల్ఫ్?"

"నేను అడగలేదు. వద్దన్నా పెడుతున్నారు. వెనక్కి ఇస్తే దిగిపోతామంటున్నారు. పాలు వేసేటప్పుడూ ఇంతే, డబ్బు ఖాళీ సీసాలో పెట్టి గుమ్మంలో ఉంచేవాళ్ళు. ఒక్క వారం పెట్టకపోతే నా మొహం చూడలేక తలుపు చాటున దాక్కునేవాళ్ళు."

బుట్టలోవన్నీ నా పుస్తకంలో రాసుకున్నాను. చట్టం ప్రకారం బాడుగంటే నోట్లే కానక్కర్లేదు. ప్రయాణానికి బదులుగా ఏది ఇచ్చినా బాడుగే. స్నేహంగా ఇచ్చిన బహుమతి అయితే కాదు. ఆ తేడా తేల్చాల్సింది కౌన్సిల్లో ముగ్గురు సభ్యుల లైసెన్సుల కమిటీ.

కమిటీకి ముందు రోజు ఇర్మా ఇంటికి వెళ్ళాను. నేను చెయ్యకూడని పని అది. టీ పోసింది. రేపు ఏమడిగినా అభిమానంతో ఇచ్చానని చెబితే చాలు, అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ వద్దని చెప్పాను. ఆవిడ తలూపింది. ఒప్పుకుందనుకున్నాను. వినపడుతోందని మాత్రమే తలూపిందని తర్వాత తెలిసింది.

కమిటీ అధ్యక్షురాలు డక్స్‌బరీ గారు మంచి మనిషి. ఆవిడ తల్లి కూడా చనిపోయేదాకా మూర్‌సైడ్‌లోనే ఉంది. ఫిర్యాదును ఎలాగైనా పక్కన పడేద్దామనే ఉంది ఆవిడకి.

"ప్లాట్ గారూ, కెర్షా గారు మిమ్మల్ని ఉచితంగానే తీసుకెళ్తున్నారు కదూ?"

ఇర్మా కుర్చీలో నిటారుగా కూర్చుంది. మంచి కోటు వేసుకుని, టోపీకి పిన్ను పెట్టుకుని వచ్చింది.

"ఉచితమా? ఎవరన్నారమ్మా ఆ మాట? నేను గానీ మా ఆయన గానీ పుట్టి బుద్ధెరిగాక ఎవరి దగ్గరా ఊరికే తీసుకోలేదు. వారానికో జామ్ సీసా ఇస్తున్నాను. ఎథెల్ గుడ్లిస్తుంది. డోరతీ మేజోళ్ళు అల్లింది. రాసుకోండి."

విల్ఫ్ కళ్ళు మూసుకున్నాడు. డక్స్‌బరీ గారు నా వైపు చూసి, మళ్ళీ ప్రయత్నించింది.

"అంటే, అభిమానంతో ఇచ్చారన్నమాట. ఆయనంటే మీకు ఇష్టం కాబట్టి."

"ఇష్టమా? విల్ఫ్ అంటేనా? ముప్పై ఏళ్ళు పాలేశాడు, సగం రోజులు ఆలస్యమే. వంట్లో బాగోనప్పుడు చూసిపోతాడు, కాదనను. కానీ జామ్ అందుకు కాదు. అది పోయి రావడానికి. సీసాకి ఒక ప్రయాణం. మేమేం బిచ్చగాళ్ళం కాదమ్మా."

వెనక వరసలో మిగతా ఆడవాళ్ళు అవునన్నట్టు గొంతు సవరించుకున్నారు. ఫిర్యాదు చేసిన ట్యాక్సీ యజమాని నోరు తెరవాల్సిన అవసరమే రాలేదు. పావుగంటలో తేలిపోయింది. అది బాడుగే. లైసెన్సు లేదు. బండి ఆపాలి. డక్స్‌బరీ గారు చదువుతున్నప్పుడు కాగితం నుంచి తల ఎత్తలేదు.

నాకు ఆ ముసలావిడ మీద ఒళ్ళు మండిపోయింది. దాచుకోవడం ఎందుకు. ఒక్క చిన్న మాట. అబద్ధం కూడా కాదు, కొంచెం మెత్తని మాట. అది అనలేకపోయింది. మెట్ల దగ్గర విల్ఫ్‌తో అదే అన్నాను.

"ఆ మాట అనుంటే ఆవిడ ఇర్మా కాదు," అన్నాడు. "నేను ముందే చెప్పాను కదా నీకు." అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. టోపీ పెట్టుకుని దిగిపోయాడు.

ఆ గురువారం ఒంటిగంటన్నరకు నాకు మూర్‌సైడ్ మీద పనేమీ లేదు. అయినా కారు తీసుకుని వెళ్ళాను. కొండ రోడ్డు మలుపులో ఇర్మా కర్ర పట్టుకుని దిగుతోంది. ఇంకో చేతిలో సంచీ. సన్నటి జల్లు, రోడ్డు నున్నగా జారుతోంది. కారు పక్కకు తెచ్చి అద్దం దించాను.

"ఎక్కండమ్మా. నేను కిందికే పోతున్నాను."

"ఏం తీసుకుంటావు?"

"ఏమీ వద్దు."

"అయితే నడుస్తాను."

"తిరిగి ఎలా ఎక్కుతారు ఈ కొండ?"

"ముందు దిగనీ బాబూ. ఎక్కడం సంగతి తర్వాత."

నడిచింది. నేను ఆవిడ వెనకే హెచ్చరిక దీపాలు వెలిగించుకుని నడక వేగంలో కారు పోనిచ్చాను. వెనక వచ్చినవాళ్ళు హారన్ కొట్టి తిట్టుకుంటూ దాటిపోయారు. సగం దూరంలో ఆవిడ ఒక ప్రహరీ గోడ మీద కూర్చుండిపోయింది. ఊపిరి అందడం లేదు. రెండు దాటి పది నిమిషాలైంది. అక్కడ ఎర్నెస్ట్ ముందు కంచం పెట్టి ఉంటారు. ఈవిడ గొంతు వినపడదు కాబట్టి ఆయన ముట్టడు. నేను కారు దిగి ఆవిడ ముందు నిలబడ్డాను. లైసెన్సు లేకుండా బాడుగకు తిప్పారని ఇరవై ఆరేళ్ళలో ఎంతమంది మీద కేసులు రాశానో లెక్కలేదు. బండెక్కినవాడు బంధువని చెప్పినవాళ్ళని, స్నేహితుడని చెప్పినవాళ్ళని ఒక్కరినీ నమ్మలేదు.

"ఆ సంచీలో ఏముంది?" అని అడిగాను.

"జామ్."

"ఇలా ఇవ్వండి."

ఆవిడ నా మొహం కాసేపు చూసింది. సీసా తీసి, మూత గట్టిగా ఉందో లేదో చూసి, నా చేతిలో పెట్టింది. అప్పుడు లేచి వెనక తలుపు తనే తెరుచుకుని ఎక్కింది. బెల్టు పెట్టుకుంది.

"విల్ఫ్ బండిలో ఎత్తుగా కూర్చుంటే ఊరంతా కనపడేది," అంది. మూడున్నరకు వచ్చి మళ్ళీ పైకి తీసుకెళ్ళాను. సీసాకి పోయి రావడం రెండూ కలిపే కదా.

శుక్రవారం పొద్దున విల్ఫ్‌కి పంపాల్సిన ఉత్తర్వు టైపై వచ్చింది. లైసెన్సు లేకుండా ఏ రూపంలోనైనా ప్రతిఫలం తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడం నేరం అని అందులో ఉంది. జామ్ సీసా బల్ల సొరుగులో పెట్టి, సంతకం చేశాను.

నా కారులో ఇంకో మూడు సీట్లు ఉన్నాయి. పాలబండిలో ఎనిమిది మంది ఎక్కేవాళ్ళు. ఎథెల్, డోరతీ, ఆ మిగతావాళ్ళు ఈ వారం ఎలా గడిపారో నేను అడగలేదు. అడిగితే వాళ్ళ గుడ్లకీ మేజోళ్ళకీ కూడా సరేననాల్సి వస్తుంది.