మందుకొమ్ముపై గీయని గీత

హేమంతము ప్రవేశించి మంచుతెరలు నల్లగుట్టల శిఖరములనుండి మెల్లమెల్లగ జారి లోయలోని జొన్నచేలపై పరచుకొనుచుండ పాలుపోసికొన్న కంకుల పచ్చివాసన చలిగాలితో గలిసి మంచెమంచెకును వ్యాపించుచుండ అస్తాద్రి జేరుచున్న సూర్యబింబము కుంకుమకాంతులను వెదజల్లుచుండెను. పగలెల్ల గుట్టపొదలలో బడియుండిన యడవిపందులు పిల్లలతో గూడ లేచి ఘుర్ఘురధ్వనులు చేయుచు చేలవైపు దిగివచ్చుటకు అదియే సమయము. గవిమడుగు గ్రామమున వానికెదురు నిలుచునది బోయ ఓబులక్క. మగడు గతించిన పిదప మామగారి తుపాకియు తుపాకిమందు నింపుకొనుటకు దున్నకొమ్ముతో జేసిన మందుకొమ్మును ఆమె పాలబడెను. ఆ రెంటితోడనే యామె పల్లపుచేను మెరకచేను అను తన రెండు చేలను గాచుకొనుచు ముసలియత్తను పోషించుచుండెను. ఆ చేలు తప్ప వారికి వేరొక యాధారము లేదు.

ఆ యేట కొండవేముల సంస్థానమున దొంగలు తుపాకులతో వచ్చి రాజమార్గమున ధనపుబండ్లను దోచుకొనగా దివాణమువారు మిక్కిలి కలవరపడి యూరూర దండోరా వేయించిరి. తుపాకి గలవారిలో నెవ్వరైనను పది వేట్లకు, అనగా పదిమార్లు కాల్చుటకు, మించిన మందు పట్టు కొమ్మునుగాని తిత్తినిగాని యుంచుకొన్నచో తుపాకి జప్తగుననియు వారికి చెరసాల తప్పదనియు శాసనము. వినుటకిది తిన్నగనే యున్నది. కాని బోయలకు మందు కొలుచు పాత్ర యెన్నడును లేదు. కొమ్మునుండి యెడమ యరచేతిలోనికి మందు వంచుకొని యెదుటి మృగమును జూచి తుపాకిగొట్టములో బోయుట వారి యాచారము. పిట్టకు చిటికెడు చాలును, పందికి చేరెడు కావలెను. కావున నొకే కొమ్ము పిట్టలవేటలో దోషియై పందులవేటలో నిర్దోషియగును. శాసనము వ్రాసిన మహానుభావుడు ఏ పిట్టను తలచుకొని వ్రాసెనో యెవ్వరికిని తెలియదు.

ఓబులక్క దివాణమును ధిక్కరింపగోరునది గాదు. దండోరా విన్న యుదయముననే గ్రామకరణము వేంకటశివయ్య యింటికి బోయి గుమ్మమువెలుపల నిలిచి "కరణమయ్యగారూ, నా కొమ్మునేమి చేయుదును?" అని యడిగెను. ఆయన "లక్క కరగించి లోన బోసి సగము పూడ్చుము. పట్టు మందు తగ్గిన నేరమును తగ్గును" అనియె. మామగారి చేతిచెమటతో నునుపెక్కిన యా కొమ్ములో లక్క పోయుచున్నప్పుడు ఆమె కన్నులు చెమర్చెను. అయినను పోసెను.

వారము తిరుగకమున్నె సంస్థానపు అమీను ధోండోజీ తనిఖీకి వచ్చి ఓబులక్క కొమ్ములోని మందును వంపివేయించి ఇనుపపుల్ల దూర్చి లోతు చూచి కొరకొర చూచెను. "నిప్పుసెగ తగిలిన లక్క కరగును. లక్క కరగిన కొమ్ము మరల పెద్దదగును. ఏమే, దివాణమునే మోసగింప దలచితివా?" అనుచు పూడ్చకున్న నొక నేరమే గాని పూడ్చి దాచినందున రెండు నేరములని తేల్చి తుపాకిని కొమ్మును స్వాధీనము చేసికొని యామెను ఠాణాకు నడిపించెను. ఆమె ఠాణాలో నున్న రాత్రి పందులు పల్లపుచేనును నేలమట్టము చేసెనని మరునాడు అత్త యేడ్చుచు వచ్చి చెప్పెను. ఇక మిగిలినది మెరకచేను. అదియు పోయినచో నేడాది పొడవున పస్తులే. అంతవరకు నోబులక్క గుండెలలో గూడుకట్టియున్న భయము ఆ మాటతో కోపముగా మారెను.

మధ్యాహ్నమునకు దివాను మాధవపంతులుగారు కచేరీలో కూర్చుండిరి. ఆయన క్రూరుడు గాడు. వృద్ధుడు, అలసినవాడు, విచారణ ముగించి త్వరగా భోజనమునకు లేవగోరువాడు. అమీను చెప్పినదంతయు విని సాక్ష్యమునకు రప్పింపబడిన కరణమువంక నొకసారి చూచి "ఓబులక్కా, ఆడుదానవని దయదలచితిమి. తప్పొప్పుకొని తుపాకి నిచ్చట విడిచి యింటికి బొమ్ము. చెరసాల తప్పును" అనిరి.

ఒప్పుకొమ్మని అత్త వెనుకనుండి కొంగు లాగెను. ఓబులక్క కొంగు విడిపించుకొని ముందునకు వచ్చెను.

"ఏలినవారి దయకు దండము. నేను చేసిన తప్పేదో తెలియక యొప్పుకొనుటెట్లు? కరణమయ్యగారు చెప్పినట్లు చేసితిని. అమీనుగారు వేరుగ చెప్పుచున్నారు. రేపు మరియొక యమీను వచ్చి మరియొకటి చెప్పిన మరల నిట్లే నడచివత్తునా? కొమ్ము పెద్దదైన కోయవచ్చును. ఎచ్చట కోయవలెనో మీరే గీత గీయుడు. గీసినచోట నా చేతులతో నేనే కోసికొందును."

ఇట్లు పలికి యామె బల్లపైనున్న కొమ్మును దివానుగారి యెదుటికి జరిపి చలికై యుంచిన కుంపటియంచుననుండి చల్లారిన బొగ్గుముక్క నొకదానిని దెచ్చి దాని ప్రక్కన బెట్టెను.

దివానుగారు బొగ్గు చేతికెత్తుకొని కొమ్మును త్రిప్పిత్రిప్పి చూచి రెంటిని అమీనున కందిచ్చిరి. ధోండోజీ కొమ్ము మొనకు సమీపమున నొకచోట బొగ్గు ఆనించెను గాని "ఈ గీత పిట్టకా, పందికా?" అని ఓబులక్క యడుగగానే చేయి వెనుకకు దీసికొనెను. కరణము తన వంతు వచ్చునని గ్రహించి ముందుగనే కండువాతో ముఖము కప్పుకొని తుడుచుకొనుచుండెను.

"పోనిమ్ము, ఎంత చాలునో నీవే చెప్పుము" అని దివానుగారు విసువుతో నడిగిరి.

"నాకును తెలియదు దొరా. ఎంత పంది వచ్చునో వచ్చినదాక తెలియదు. నాకు తెలియదు, మీకును తెలియదు. మరి చెరసాల నా యొక్కదానికేల?"

"నోరు మూయుము" అని ధోండోజీ లేచెను. దివానుగారు చేయెత్తి యాతని వారించిరి. దొంగల వార్త వచ్చిన నాడు తొట్రుపాటున ఆ శాసనమును వ్రాసినది తన చేయియే యని ఆయనకు గుర్తువచ్చెను. సిగ్గుతో తల వంచుకొని కొమ్మును ఆమెవైపు జరిపి "గీత గీయగలుగుదాక ఈమె తుపాకియు కొమ్మును ఈమెయొద్దనే యుండుగాక" అని మెల్లగ పలికిరి.

వ్యవహార మంతటితో ముగిసెనని యెల్లరును దలచిరి. ఓబులక్క తలపలేదు. అమీను సాక్ష్యముగ దెచ్చిన యినుపపుల్లనే తీసికొని కుంపటిలో నెర్రగ గాల్చి యందరి కన్నులయెదుట కొమ్ములో దూర్చెను. లక్క సుయ్యుమని కరగి ముద్దగ నేలపై బడెను.

"కరగునని మీరన్నది నిజమే అమీనుగారూ" అని పలికి తుపాకి భుజమున వైచుకొని అత్త చేయి పట్టుకొని యామె కచేరీ మెట్లు దిగెను. ఆపుటకు ధోండోజీ యొక యడుగు వేసెను గాని రెండవ యడుగు వేయలేదు.

పల్లపుచేను మరల మొలవలేదు. మెరకచేను నిలిచెను. హద్దు చెప్పని శాసనము కావలి గాదు, దారిలో బెట్టిన యుచ్చు. దానిలో దొంగ తప్ప నెల్లరును చిక్కుకొందురు. ఆ శాసనమును దివాణమువారు రద్దుచేయలేదు, సవరింపనులేదు. అయితే నాడు నేల బడిన లక్కముద్దను మాధవపంతులుగారు తమ వ్రాతబల్లపై బెట్టించుకొనిరి. చలిసాయంకాలములందు గుట్టలవైపునుండి తుపాకి మ్రోత వినవచ్చినప్పుడెల్ల ఆయన కలము నిలిపి దానివంక చూచుచుండిరి. దాని ప్రక్కననే యా బొగ్గుముక్కయు నుండెను. దానిని మాత్రము మరల నెవ్వరును చేత బట్టలేదు.