రెండో చెంప

తోలుపట్టీ మీద కత్తిని అటూ ఇటూ లాగి, అంచును బొటనవేలి గోరు మీద ఆనించి చూసింది. జారితే పదును చాలనట్టు, పట్టుకుంటే కుదిరినట్టు. పట్టుకుంది.

"కానివ్వు తల్లీ. నువ్వు నూరేలోపు నా గడ్డం ఇంకో అంగుళం పెరిగేలా ఉంది," అన్నాడు కుర్చీలో కూర్చున్న తాళాలాయన. వీధి చివర తాళాలు బాగుచేసే కొట్టు ఆయనది. ఆదివారం పొద్దున్నే మొదటి గిరాకీ ఎప్పుడూ ఆయనే.

"మాట్లాడకు బాబాయ్. కత్తి గొంతు దగ్గరికి వస్తోంది."

"అందుకే ముందే మాట్లాడేస్తున్నా. ఏ తాళమైనా తెరుస్తాను గానీ, ఈ కుత్తుక ఒకసారి తెరుచుకుందంటే మళ్ళీ మూసే విద్య నాకు రాదు."

బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. పీట మీదికెక్కి, ఆయన గడ్డాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, చర్మం బిగువుగా లాగిపట్టి, ఊపిరి బిగబట్టి కత్తి దించింది. గొంతు దగ్గర పనిచేస్తున్నంతసేపూ ఆమె ఊపిరి తీసుకోదు. ఆ అలవాటు ఎవరూ నేర్పింది కాదు.

పీట లేకపోతే ఆమెకు కుర్చీ అందదు. అది ఆమె భర్త కుర్చీ. అతను పొడగరి. తన ఎత్తుకు సరిపోయేలా పైకి తిప్పి పెట్టుకున్నాడు, ఆ మర అక్కడే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తాళాలాయన నూనె పోసి వదులు చేస్తానన్నాడు గానీ ఆమె ఒప్పుకోలేదు. "మళ్ళీ వచ్చాక ఆయన ఎత్తు ఎంతో ఎవరికి గుర్తుంటుంది?" అంది. పీటే నయమనుకుంది.

పక్కనున్న రెండో కుర్చీ మామగారిది. ఎర్ర రెక్సిను చిరిగి, లోపలి పీచు బయటికొచ్చింది. చేతులు వణకడం మొదలయ్యాక ముసలాయన అందులో పని చెయ్యడం మానేసి, అందులోనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఈమధ్య అదీ లేదు. షాపు వెనక గదిలో మంచం మీదే ఉంటున్నాడు. గదికీ షాపుకీ మధ్య ఒక్క తెర. తెర వెనకనుంచి దగ్గు వినిపించినప్పుడల్లా ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

అద్దం పక్కన మేకుకు ఒక బుడగ వేలాడుతోంది. ఒకప్పుడు గుమ్మడికాయంత ఉండేది. ఇప్పుడు నిమ్మకాయంత అయి, ముసలి చర్మంలా ముడతలు పడింది.

"ఆ బుడగని ఇంకా ఎందుకు ఉంచావు అమ్మాయ్? తీసి పారెయ్," అన్నాడు తాళాలాయన, పటిక రాయించుకుంటూ.

తెర వెనకనుంచి ముసలాయన గొంతు వచ్చింది. "ఒరేయ్, అది మా కోడలి సర్టిఫికెట్టు. నీ తాళాలకుందా అలాంటిది?"

ఆ జవాబు చెప్పడానికి ఆయనకు రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. బెంచీ మీదివాళ్ళు నవ్వారు గానీ, తాళాలాయన ఈసారి నవ్వలేదు. అద్దంలోంచి ఆమె వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకుని, మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పి దులిపింది.

పెళ్ళైనప్పటినుంచీ ఆమె పని ఆ గుడ్డలు ఉతకడం, నేల మీద పడ్డ జుట్టు ఊడ్వడం. అంతే. భర్తకు చిన్నప్పటినుంచీ సైన్యం పిచ్చి. మొదటిసారి ఛాతీ చాలలేదన్నారు. రెండోసారి పరుగులో వెనకబడ్డాడు. వయసు దాటిపోతుందనగా మూడోసారి తీసుకున్నారు. ఆ కబురు విన్నరోజు అతను షాపు మధ్యలో నిలబడి, సబ్బు నురగతోనే ఉన్న గిరాకీని కావిలించుకున్నాడు.

తండ్రి చేతులు వణుకుతున్నాయి, కొడుకు శిక్షణకు వెళ్ళిపోతాడు. షాపు మూసెయ్యాలి, లేకపోతే ఆమె కత్తి పట్టాలి. ముసలాయన బజారుకు వెళ్ళి బుడగల పొట్లం తెచ్చాడు. ఆయన పని నేర్చుకున్నదీ అలాగే. బుడగ ఊది, నురగ పూసి, పగలకుండా ఆ నురగను కత్తితో గీసెయ్యాలి.

"పగిలిందా, గిరాకీ చచ్చినట్టే," అనేవాడు.

మొదటిరోజు ఎంతమంది గిరాకీలు చచ్చారో లెక్కలేదు. ఆ ఠపాఠపాలకి పక్కింటి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ఆమె మొహమంతా నురగ. భర్త కడుపు పట్టుకుని నవ్వి, "సైన్యంవాళ్ళు నాకు తుపాకీ ఇవ్వకముందే మా ఆవిడ యుద్ధం మొదలెట్టింది," అన్నాడు.

వెళ్ళేముందు అతను కూర్చుని, దవడలు నొప్పిపుట్టేదాకా బుడగలు ఊదాడు. ఒక్కోదానికీ దారంతో గట్టిగా ముడివేసి ఆమె ఒళ్ళో పడేశాడు. "నేను లేనప్పుడు నా మొహమే అనుకుని గియ్యి పిచ్చుకా. కోపమొస్తే పగలగొట్టు."

ఆమె వాటన్నిటి మీదా నేర్చుకుంది. చివరిది మాత్రం మేకుకు తగిలించింది. లోపల ఉన్నది అతని ఊపిరి. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ముసలాయనకు తెలుసు. ఆయనా అనలేదు.

శిక్షణలో ఫోను ఆదివారం సాయంత్రం కాసేపే ఇస్తారు. మొదటిసారి మాట్లాడినప్పుడు అతను చెప్పింది జుట్టు గురించే. "మొత్తం గొరిగేశారు. వరసగా నిలబెట్టి, గొర్రెలకి చేసినట్టు. మా అందరి జుట్టూ కలిపి ఒకటే కుప్పగా ఊడ్చేశారు." ఎన్నో కష్టాలు చెప్పాడు గానీ ఆమెకు ఏడుపొచ్చింది ఆ ఒక్కదానికే. రోజూ ఎవరెవరి జుట్టో ఊడుస్తుంది తను. అతని జుట్టు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఊడ్చారు. ముసలాయన మాత్రం ఫోను లాక్కుని, "మెడ వెనక గీత తిన్నగా తీశాడా లేదా?" అని అడిగాడు.

వారమంతా ఆమె చెప్పవలసిన మాటలు కూడబెట్టుకుంటుంది. పీట సంగతి, తాళాలాయన వేళాకోళాలు, వానకు పైకప్పు కారిన సంగతి. తీరా ఫోను మోగితే ఒక్కటీ గుర్తురాదు. "తిన్నావా" అంటుంది. అతను "తిన్నా" అంటాడు. తర్వాత ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటారు. వెనక వరసలో ఉన్నవాడు "త్వరగా కానివ్వరా" అని అరుస్తాడు.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక కంచం తీసుకుని తెర లోపలికి వెళ్ళింది. ముసలాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. కాళ్ళు వాచాయి. తెల్లటి గడ్డం ఛాతీ మీద పడుతోంది. కొడుకు వెళ్ళిన రోజు నుంచీ ఆ గడ్డం మీద ఆయన ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. ప్రతి ఆదివారం కొడుకే చేసేవాడు. "వాడొచ్చాకే" అని మొండికేశాడు.

నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు జరిపాడు.

"ఇవాళ ఫోన్లో చెప్పేస్తాను మావయ్యా," అందామె.

"ఏం చెప్తావు?"

"ఉన్నది చెప్తాను."

"ఉన్నది నేను. ఇంకా ఉన్నాగా."

"డాక్టరేమన్నాడు? గుండె బాగా నీరసించింది, అబ్బాయిని పిలిపించుకోండి అనలేదూ?"

"వాడొచ్చి నా గుండెకి చక్రాలు కట్టి తోస్తాడా?" నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా ఆమె వీపు రాసింది. "శిక్షణ మధ్యలో వస్తే ఏమంటారో తెలుసుగా. మళ్ళీ మొదటినుంచీ. వెనకొచ్చే జట్టుతో. ఇప్పటిదాకా పడ్డదంతా బూడిదలో పోసిన పన్నీరు. వాడు పడతాడు, మగాడు. నువ్వు పడతావా? ఈ రోజులన్నీ మళ్ళీ లెక్కపెడతావా?"

వారం వారం ఆమె నోటిని మూసేసింది సరిగ్గా అదే. ఆయన మాట జవదాటలేక ఊరుకున్నానని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ప్రతి ఆదివారం ఆయన రేడియో పెద్దగా పెట్టమనేవాడు, ఆయాసం వినపడకుండా. ఆమే లేచి పెట్టేది. "తిన్నావా, సరే, పెట్టేయ్" అని ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాడు. నాన్నది మాట పొదుపు అని అటు కొడుకు సరిపెట్టుకునేవాడు.

ఆమె మొహంలో ఏం కనిపించిందో, ముసలాయన మెత్తబడ్డాడు.

"సరే. నేనే చెప్తా. నా నోటితో చెప్తే వాడు బెదరడు. కానీ ముందు గడ్డం చెయ్యి."

"నేనా?"

"ఊళ్ళోవాళ్ళందరి గడ్డాలూ చేస్తున్నావు, నాదేం పాపం చేసింది?"

"ఫోన్లో మొహం కనపడదు మావయ్యా."

"నాకు కనపడుతుందిగా అద్దంలో. మాసిన మొహంతో చెప్తే మంచిమాటైనా చెడ్డగానే వస్తుంది."

సాయంత్రం చివరి గిరాకీని పంపించి షట్టరు సగం దించింది. ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని నడిపించుకొచ్చింది. తన కుర్చీ వైపు వెళ్తాడనుకుంది. ఆయన కొడుకు కుర్చీ చూపించాడు. కూర్చుని, కాళ్ళు నేలకు అందక, చిన్నపిల్లాడిలా ఆడించాడు.

"ఒక గడ్డానికి ఒకటే చెయ్యి," అన్నాడు. ఇది షాపు నియమం. ఆయన తండ్రి నాటి నుంచీ ఉంది. "మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి. మధ్యలో వణికితే ఆగు, అంతేగానీ కత్తి ఇంకొకరికి ఇవ్వకు. ఇక నేను మాట్లాడను. మంచి గిరాకీ అంటే కదలనివాడు, మాట్లాడనివాడు."

ముందు కత్తెరతో పొడుగు తగ్గించింది. తెల్లని కుచ్చులు ఒళ్ళోకీ నేల మీదికీ రాలాయి. వేడినీళ్ళ గుడ్డతో మొహం అద్దింది. బ్రష్షుతో నురగ గిలకొట్టి రెండు చెంపలకూ పూసింది. పళ్ళు లేవు కాబట్టి చెంపలు లోపలికి పోయాయి. కత్తికి చర్మం అందడం లేదు.

"బుగ్గ పొంగించు మావయ్యా."

ఆయన కుడిబుగ్గ పొంగించాడు. బుడగలా గుండ్రంగా ఉబ్బింది. ఆమెకు నవ్వొచ్చింది. ఆయన కళ్ళు కూడా నవ్వాయి. ఆమె కణత నుంచి దవడ దాకా ఒక్కొక్క గీతగా దించుకుంటూ వచ్చింది. ఎక్కడా తెగలేదు. కుడివైపు నున్నగా, లేతగా, ఎవరో వేరే మనిషి చెంపలా బయటపడింది. ఆయన అద్దంలో చూసుకుని, తల ఊపకూడదు కాబట్టి, కనుబొమలు ఎత్తి మెచ్చుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆమె కత్తి తుడిచి, పట్టీ మీద మళ్ళీ నూరడానికి అటు తిరిగింది. ఆయన మొహం చూడనప్పుడు చెప్పడం సులువనిపించింది.

"నువ్వు వద్దన్నావని కాదు మావయ్యా నేను చెప్పంది. నాకే భయం. ఆయన వచ్చేస్తే మళ్ళీ మొదటినుంచీ వెళ్ళాలి కదా. మళ్ళీ ఆ బస్సు, మళ్ళీ ఆ సంచీ సర్దడం. నావల్ల కాదనిపించింది. నీ దగ్గు వింటూ కూడా, ఇంకొక్క వారం ఆగితే ఏం, ఇంకొక్క వారం అనుకున్నా. నీకు నేను చేసింది మంచి కాదు. తిట్టు కావాలంటే. గడ్డం అయ్యాకే తిట్టులే."

పట్టీ మీద కత్తి సర్రు సర్రుమంది. ఆయన తిట్టలేదు.

"ఇవాళ భలే బుద్ధిగా కూర్చున్నావు," అంటూ తిరిగి వచ్చి, ఎడమవైపు పీట జరుపుకుని ఎక్కింది. ఆరిన నురగ మీద మళ్ళీ బ్రష్షు తిప్పింది. చర్మం లాగిపట్టింది.

"ఊఁ, ఈ బుగ్గ పొంగించు."

పొంగలేదు.

"మావయ్యా, బుగ్గ."

ముక్కు కింద ఒక చిన్న నురగబుడగ నిలిచి ఉంది. ఆడీ ఆడని ఊపిరికైనా చిట్లిపోవాలి. చిట్లలేదు. ఆమె దాన్నే చూస్తూ ఊపిరి బిగబట్టింది, గొంతు దగ్గర పనిచేసేటప్పుడు లాగే. చాలాసేపటికి తానే ఊపిరి వదలవలసి వచ్చింది. ఆ గాలికి అది చిట్లింది.

కత్తి మడిచి అద్దం ముందు పెట్టింది. ఆయన చేతిని ఒళ్ళోంచి తీసి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఆ చెయ్యి వణకడం లేదు.

ఫోను మోగింది.

"పిచ్చుకా! ఇవాళ ముందే దొరికింది వంతు. తిన్నావా?"

"తిన్నా."

"రేడియో వినపడటం లేదేంటి? నాన్నేం చేస్తున్నాడు?"

ఆమె అద్దంలోకి చూసింది. "గడ్డం చేయించుకుంటున్నాడు."

"ఎవరి చేత? నీచేతా? ముసలాడు ఒప్పుకున్నాడా!" అతను నవ్వాడు. ఎన్నో వారాల తర్వాత విన్న నవ్వు. "అయితే మాట్లాడడులే, మంచి గిరాకీ. అయ్యేదాకా ఫోను పట్టుకునే ఉంటా. ఇవాళ ఆయనతో మాట్లాడాలి. పరుగులో నేనే ముందొచ్చానని చెప్పాలి."

అతను పట్టుకున్నాడు. అటువైపు ఎవరో ఈల వేస్తున్నారు. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చి దూరమైంది. వచ్చే వారం చెప్పొచ్చు. ఈ ఒక్కసారి, నిద్రపోయాడు అంటే చాలు. అతను నమ్ముతాడు. అతని శిక్షణ అయిపోతుంది, సంచీతో ఈ షట్టరు ఎత్తుకుని లోపలికొస్తాడు, తర్వాత మళ్ళీ మొదటినుంచీ ఏమీ ఉండదు. ఆమె నోరు తెరిచింది. ముసలాయన ఎడమచెంప మీద నురగ ఆరిపోతోంది.

"బావా," అంది. "కుడిచెంప నేను చేశాను. ఎక్కడా తెగలేదు."

"శెభాష్."

"రెండోది నువ్వొచ్చి చెయ్యి."

"అదేంటి, మొదలుపెట్టిన చెయ్యే కదా..."

అక్కడ ఆగిపోయాడు. వెనకనుంచి ఎవరో "త్వరగా కానివ్వరా" అన్నారు. ఆమెకు అతని ఊపిరి వినిపించింది, మొదట మామూలుగా, తర్వాత మెట్లెక్కి వచ్చినవాడిలా. ఈసారి దాన్ని కప్పడానికి రేడియో లేదు.

"చివర్లో నొప్పి పడ్డాడా?" అన్నాడు ఎప్పటికో.

"లేదు. కనుబొమలు ఎత్తాడు. బాగుందని."

"వస్తున్నా," అన్నాడు. "పిచ్చుకా, నేనొస్తే మళ్ళీ..."

"తెలుసు. రా."

ఫోను పెట్టాక ఆమె పీట లాక్కుని కుర్చీ పక్కనే కూర్చుంది. నేల మీద తెల్లజుట్టు పరుచుకుని ఉంది. ఊడ్వలేదు. షట్టరు కిందనుంచి వచ్చే వెలుతురు పలచబడి, ముందు నేలను, తర్వాత కుర్చీని, ఆ తర్వాత అద్దాన్ని వదిలిపోయింది. మేకుకు వేలాడుతున్న బుడగ ఇంకాస్త ముడుచుకుని ఉంది, దాని మూతికి అతను వేసిన దారపు ముడి మాత్రం వేసినట్టే బిగువుగా ఉంది.