ఎంతసేపు ఊగింది?

ఇల్లు తుడిచిన తడి ఇంకా ఆరలేదు. మా ఆయన అక్క చెప్పులతోనే లోపలికొచ్చి, చిలక పంజరం తెచ్చి హాలు మధ్యలో దబ్బున పెట్టింది.

"నాలుగేళ్ళు మేపాం. ఇప్పుడు దీనికి పిచ్చి పట్టింది. పిల్లలు జడుసుకుంటున్నారు. నువ్వే చూసుకో" అంది.

"నాకు ఉద్యోగం ఉంది కదా వదినా."

"ఆఁ, పెద్ద ఉద్యోగం! సీసాల మీద పేర్లు రాయడమేగా."

నిజమే. రక్తపరీక్షల ల్యాబులో పదకొండేళ్ళుగా సీసాల మీద పేర్లు రాస్తున్నాను. ఎవరిది, ఎన్ని గంటలకి తీశారు, ఏ పరీక్షకి. ఒక్కసారి కూడా తప్పు రాయలేదు. నా తర్వాత చేరిన మగవాళ్ళు ముగ్గురున్నారు. అయినా ఎవరైనా వస్తే, టీ కోసం మా ఓనరు నావైపే చూస్తాడు.

చిలక వంక చూశాను. గుండెల మీద ఒక్క ఈక లేదు. అన్నీ అదే పీక్కుంది. కర్ర మీద రెండడుగులు ఇటు, రెండడుగులు అటు, చివర తల విసురు. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. చూసేవాళ్ళకి కళ్ళు తిరగాలే గానీ దానికి అలుపు లేదు.

మా ఆయన వచ్చి చూశాడు. "నెలరోజులు టైమిస్తున్నా. ఈ ఊగుడు మానకపోతే డాబా మీదికి తీసుకెళ్ళి తలుపు తీసేస్తా. పిల్లులకైనా పనికొస్తుంది" అన్నాడు. దాని రెక్కలు వదిన వాళ్ళే కత్తిరించేశారు. పిట్టగోడ దాకా కూడా ఎగరలేదు.

"దాన్ని బాగుచేయడానికి ఇదుంది సరే, దీన్నెవరు బాగుచేస్తార్రా?" అని నన్ను చూపిస్తూ మా అత్త పకపకా నవ్వింది.

ఒక పూట సెలవు పెట్టి చిలకని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ నిదానస్తురాలు. పంజరం హాలు మధ్యలో వద్దు, గోడకి ఆనించి పెట్టమంది. సగానికి గుడ్డ కప్పమంది. గింజలు గిన్నెలో పోయకుండా కాగితంలో పొట్లం కట్టిమ్మంది, విప్పుకోవడం దానికో పని అవుతుందట. ఊగుతున్నప్పుడు పరిగెత్తుకెళ్ళి బతిమాలొద్దంది. ఒక నోటుబుక్కు పెట్టి మూడు గళ్ళు గీయమంది. సమయం. ముందు ఏం జరిగింది. ఎంతసేపు ఊగింది.

"ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు పొట్టలోకి ముడుచుకుందనుకోండి, మనసు కుదుటపడ్డట్టే" అంది.

గళ్ళు నింపడం నాకు వచ్చిన పనేగా. పొద్దున్నే మిక్సీ, ఊగలేదు. కుళాయి, ఊగలేదు. మా అత్త టీవీ, కొంచెం. సాయంత్రం ఆరూ పదికి వరండా గ్రిల్లు గడియ టక్కుమంటుంది, అంటే మా ఆయన వచ్చినట్టు. అప్పుడు మాత్రం నలభై నిమిషాలు. రోజూ అంతే.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు లోపల సంతోషం వేసింది. ఈ ఇంట్లో ఆయనంటే బెదిరేది నేనొక్కదాన్నే కాదన్నమాట. రెండోవారం ఆ బుక్కు, ఫ్రిజ్ మీద ఫోను పెట్టి తీసిన వీడియో పట్టుకుని చిలకతో సహా వెళ్ళాను. "చూడండి డాక్టరుగారూ, మా ఆయన వస్తే చాలు" అన్నాను.

ఆవిడ వీడియో రెండుసార్లు చూసింది.

"గడియ చప్పుడైంది కదా, చిలక కదల్లేదు. మీరు లేచారు. పొయ్యిగుడ్డ తీశారు. పొయ్యి తుడుస్తున్నారు. ఇదిగో, ఇప్పుడు మొదలెట్టింది. పొయ్యి మీద ఏమైనా ఒలికిందామ్మా?"

"లేదండీ. అంతకుముందే తుడిచాను."

ఆవిడ వీడియో ఆపింది. నా బుక్కులో ఎర్రపెన్నుతో రాసింది: గడియకి కాదు. ఆమె లేచినందుకు.

బస్సులో పంజరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆయన వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఉన్నాను. కాళ్ళు లాగుతుంటే కూర్చున్నాను, అంతే. "మహారాణిగారికి తీరుబడి బాగానే ఉంది" అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. మూడు వారాలు మాట్లాడలేదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, "నీళ్ళు పెట్టమని చెప్పమ్మా దానికి" అని వాళ్ళమ్మకి చెప్పేవాడు. నా తప్పేమిటో తెలియక నేను అందరి కాళ్ళూ పట్టుకున్నాను. అప్పటినుంచి గడియ టక్కుమంటే నా చేతిలో గుడ్డ ఉంటుంది. ఆ సంగతి నాకే తెలియదు. చిలక కనిపెట్టింది.

ఇక లేవకూడదు అనుకున్నాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చునేదాన్ని. టక్. చూసేసరికి పొయ్యి దగ్గర ఉండేదాన్ని. ఒక్కటే మేలు, ఆయన రాకముందు పగలంతా చిలక ప్రశాంతంగా ఉండేది. పొట్లాలు విప్పుకుంటూ ఉండేది. గుండెల మీద ఒక ఆకుపచ్చ ఈక మొలిచింది, గోరంత.

మొన్న ఆదివారం ఆయన స్నేహితులు నలుగురొచ్చారు. టీలు ఇచ్చి వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. ఆయన సొరుగులోంచి నా నోటుబుక్కు తీశాడు. ఎర్ర అక్షరాలు చదివి వినిపించాడు.

"ఇప్పుడు సర్కస్ చూపిస్తా. ముందు ఇది లేస్తుంది, తర్వాత అది ఊగుతుంది. టికెట్ లేదు" అని వరండాలోకెళ్ళి గడియ ఆడించాడు.

టక్.

ఆటపట్టిస్తున్నాడని తెలుసు. అందరూ నన్నే చూస్తున్నారనీ తెలుసు. అయినా లేచాను. పొయ్యిగుడ్డ తీశాను. చిలక ఊగింది. ఇల్లెగిరిపోయేలా నవ్వారు.

"ఒన్స్ మోర్!" అన్నాడొకడు.

మళ్ళీ టక్. మళ్ళీ లేచాను. మా అత్తకి నవ్వి నవ్వి పొలమారింది. మూడోసారి కూడా లేచాను. ఆ మూడోసారి చిలక తల వంచి, గోరంత ఈకని పట్టి పీకేసింది. రక్తం చుక్క. రోజూ సీసాల్లో రక్తం చూసేదాన్నే గానీ, ఆ చుక్క చూడలేకపోయాను. నా చేతిలో ఉన్న పొయ్యిగుడ్డతోనే అద్దాను. వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

తెల్లారి ఆయన షూ వేసుకుంటూ, "నెల అయిపోయింది. సాయంత్రం ఊగిందా, డాబానే" అన్నాడు.

డాబా తాళంచెవి తీసి నా బ్యాగులో వేసుకున్నాను. ల్యాబు నుంచి తొందరగా వచ్చేశాను. టీ పొంగి పొయ్యి మీద పడింది. తుడవలేదు. కుర్చీ లాక్కుని పంజరం పక్కన కూర్చుని, బుక్కు ఒళ్ళో పెట్టుకున్నాను. చిలక ఒంటికన్నుతో నన్నే చూస్తోంది. ఇన్నాళ్ళూ నన్నే చూస్తోంది అది.

టక్.

మోకాళ్ళు లేవబోయాయి. పాదాలు నేలకి అదిమిపెట్టాను.

"వాడొచ్చాడే, వినపడలేదా?" అంది మా అత్త.

"వినపడింది అత్తయ్యా."

గ్రిల్లు అవతల ఆయన నిలబడి నావైపు చూశాడు. లోపలికి రాలేదు. గడియ మళ్ళీ ఆడించాడు. నేను లేవలేదు. "ఏయ్" అన్నాడు. మళ్ళీ ఆడించాడు. మెడ ఎర్రబడింది. టక్, టక్, టక్.

చిలక ఒక కాలు మెల్లగా పైకెత్తి పొట్టలోకి ముడుచుకుంది.

పెన్ను మూత తీశాను. సమయం: ఆరూ పది. ముందు ఏం జరిగింది: నేను లేవలేదు. ఎంతసేపు ఊగింది అన్న గడి ఖాళీగా వదిలేశాను. ఆయన ఇంకా ఆపలేదు.