బావగారి గంప

నేను రేవులో చేపలు కొలిచే ఉద్యోగం చేస్తాను. చేపను చెక్క మీద పడుకోబెట్టి, ముక్కు అడ్డచెక్కకు ఆనించి, తోక చీలిన చోటికి ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో పుస్తకంలో రాస్తాను. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని మొదలుపెడితే, రెండు వందల కానాగంత చేపలు పూర్తయ్యేసరికి ఎండ నెత్తి మీదికి వస్తుంది. పదకొండేళ్లుగా ఇదే పని. అయినా నేను చేపలు తినను. రేవులో వాళ్లకు నవ్వుకోవడానికి ఆ ఒక్క సంగతీ చాలు.

కానాగంతలకు సరిహద్దులు లేవు. అదే గుంపు కొన్ని నెలలు మా ఒడ్డున, కొన్ని నెలలు సముద్రం అవతలి దేశం ఒడ్డున తిరుగుతుంది. ఒకే గుంపును ఇద్దరికీ ఇచ్చిన దేవుడు, ఎవరి వాటా ఎంతో ఎందుకు చెప్పలేదని అప్పుడప్పుడు ఆయన్నే అడుగుతుంటాను. ఇంకా బదులు రాలేదు. అందుకని రెండు దేశాల అధికారులూ ఏడాదికోసారి కూర్చుని తేల్చుకుంటారు.

ఈసారి సమావేశం మా రేవులోనే. దానికి వారం ముందు మా ఆఫీసరమ్మ నన్ను పిలిచింది.

"మీ పుస్తకం ప్రకారం మనవాళ్లు పట్టేవాటిలో సగానికి పైగా పిల్లచేపలే. ఒక్కసారి కూడా గుడ్లు పెట్టనివి. అవతలి వాళ్ల పుస్తకంలో అన్నీ పెద్దవే. అందుకని మనల్ని మూడు నెలలు వేట ఆపమంటున్నారు."

"మనమొక్కళ్లమేనా అండీ?"

"అంకెలు మీవే కదా."

మూడు నెలలంటే మా బావమరిది పడవ మూడు నెలలు ఒడ్డునే. దాని మీద అతని సంసారం, మరో ఆరుగురు పనివాళ్ల సంసారాలు నడుస్తున్నాయి. ఇంట్లో ఈ మాట చెప్పగానే నా భార్య గరిటెతోనే వంటింట్లోంచి బయటికొచ్చింది.

"నా తమ్ముడి పడవని మీరే కట్టేస్తున్నారన్నమాట."

"నేనేం చేశాను? చేప ఎంతుంటే అంత రాస్తాను."

"రాయండి. మూడు నెలలూ వాడు మనింట్లోనే కూర్చుంటాడు, మీ ఎదురుగా."

అది చిన్న బెదిరింపేమీ కాదు. మా బావమరిది నోటికి మూత లేదు.

మామూలుగా పనివాళ్లు గంప తెచ్చి నా బల్ల దగ్గర పెడతారు. మర్నాడు మనసు నిలవక నేనే పడవ దగ్గరికి వెళ్లాను. బావమరిది ఐసులోంచి చేపలు తీసి, పెద్దవాటిని వ్యాపారుల గంపల్లోకి, చిన్నవాటిని ఒక పాత నీలం గంపలోకి వేస్తున్నాడు.

"ఆ నీలం గంప ఎవరికిరా?"

"నీకే బావా."

"ఏరి మరీ చిన్నవా?"

"పెద్దవి నువ్వు అటూ ఇటూ తిప్పి నొక్కితే మెత్తబడిపోతాయి. కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. నువ్వెలాగూ తినవు, కొలవడానికి ఏదైతేనేం? చిన్నవైతే నీకు చెయ్యి కూడా నొప్పి పుట్టదు."

"అన్ని పడవలవాళ్లూ ఇలాగే చేస్తారా?"

"బావగారి గంపంటే రేవులో తెలియనిదెవరికి? నీకు తెలియదా?"

నేను తాళ్ల చుట్ట మీద కూలబడ్డాను. తప్పు రాయకుండా చూడు స్వామీ అని పదకొండేళ్లుగా మొక్కుతున్నాను. ఆయన ఒక్క అంకె కూడా తప్పు రాయనివ్వలేదు. కానీ గంప సంగతి ఆయనైనా చెవిన వెయ్యొచ్చు కదా?

నా పుస్తకంలో చిన్నచేపల లెక్క చూసే మూడు నెలలు వేట ఆపమంటున్నారని విని బావమరిది తల గోక్కున్నాడు. "అంటే మా నోటికాడి ముద్ద మేమే తీసి నీ గంపలో పోశామా?"

"పోశారు. నేను శ్రద్ధగా కొలిచాను."

ఇప్పుడు లేచి నా అంకెలు పనికిరావంటే ఎవరు నమ్ముతారు? పడవేమో సొంత బావమరిదిది. ఆఫీసరమ్మ అంతా విని, "చేసింది మీరు, చెప్పాల్సిందీ మీరే" అంది.

సమావేశంలో పొడుగాటి బల్లకు అటువైపు వాళ్లు, ఇటువైపు మేము. వాళ్ల వరస చివర తెల్లజుట్టావిడ ఒకరు పాత కొలతచెక్క ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాళ్ల ఒడ్డున కొలిచేది ఆవిడేనట. నేను లేచి గంప సంగతి చెప్పాను. వాళ్ల పెద్దాయన అన్నది దుబాసీ మాకు చెప్పాడు.

"మూడు నెలల మాట రాగానే గంప గుర్తొచ్చిందా? ఈయన బావమరిదికి పడవ ఉందట కదా?"

ఆ సంగతి ఊరంతా చాటింది బావమరిదే. నేను కిటికీ వైపు చెయ్యి చూపించాను.

"నా మాట నమ్మొద్దండీ. కిటికీలోంచి చూడండి, ఒక పడవ ఇప్పుడే వచ్చింది. ఏరకముందే చేపలు దింపించి, మీ మనిషి చేతే కొలిపించండి."

అందరూ రేవులోకి నడిచారు. ఆ తెల్లజుట్టావిడ చొక్కా చేతులు పైకి మడిచి కొలవడం మొదలుపెట్టింది. నేను రాశాను. రెండు వందల్లో చిన్నవి అరవై రెండు తేలాయి. ఆవిడ నా పుస్తకంలో అంకె చూసి, దుబాసీతో ఏదో చెప్పింది. అతను మాకు చెప్పేలోపే నవ్వు ఆపుకోలేకపోయాడు.

"వాళ్ల రేవులో ఈవిడంటే అందరికీ గౌరవమట. పెద్దావిడకి ఇచ్చేటప్పుడు మంచివే ఇవ్వాలని, మేలైనవి ఏరి పంపుతారట. కొలిచాక ఇంటికి పట్టుకెళ్లమంటారట. తమ సముద్రంలో పిల్లచేపలే లేవని ఇన్నాళ్లూ ఈవిడ సంతోషపడుతోందట."

వాళ్ల పెద్దాయన టోపీ తీసి విసురుకున్నాడు. ముందు నవ్వింది మా ఆఫీసరమ్మ.

నెలపాటు రెండు ఒడ్డుల్లోనూ ఏరని గంపలే కొలిచాం. అక్కడా ఇక్కడా మూడోవంతు చిన్నవే. చేపల కడుపులు గుడ్లతో నిండే నెలన్నర రోజులూ రెండు దేశాలూ ఒకేసారి వేట ఆపాలని నిర్ణయమైంది.

"మూడు నెలలకి నెలన్నర నయమే" అన్నాడు బావమరిది, మా ఇంట్లో నా కుర్చీలోనే కాళ్లు చాపి. "పాపం, ఆ పెద్దావిడకే ఇక కూర ఉండదు."

"నువ్వు కాస్త నోరు మూసుకుంటే అదే పదివేలు" అన్నాను.

నెలన్నరా గడిచి మళ్లీ పడవలు కదిలాయి. ఇప్పుడు పనివాడు మొహం పక్కకు తిప్పుకుని, ఏరని కుప్పలోంచి పారతో నా గంప నింపాలి. అదీ కొత్త పద్ధతి. మొదటి రోజు గంప వచ్చింది. అన్నిటికన్నా పైన ఒక కానాగంత తళతళ మెరుస్తోంది, అంత పెద్దది పారలో దానంతటదే వచ్చే రకం కాదు. బావమరిది సముద్రం కేసి చూస్తూ ఈల వేస్తున్నాడు.

నేను గంపంతా తిరిగి కుప్పలో పోశాను. దేవుడికి మరోసారి దండం పెట్టుకుని, పార ఇలా ఇమ్మన్నాను.