పెద్దాయన చదువుకున్న బల్ల

పులిహోర కలుపుతూ నిర్ణయించుకున్నాను, ఈసారి సంతకం పెట్టకూడదని. ఇంకా తెల్లవారలేదు. బయట డ్రైవర్ ఎల్లేష్ సుమో కడుగుతున్నాడు. ఐదుగురికి రెండు పూటలకు సరిపడా పులిహోర, అత్తమ్మకు కారం లేకుండా పెరుగన్నం, మా ఆయన మహేందర్‌కు ఫ్లాస్కులో చాయ, కూతురు వర్షకు కారు పడదు కాబట్టి నిమ్మకాయలు. ఇవన్నీ సర్దుతుంటే ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎప్పుడు జూసినా తినుడు ముచ్చటే నీకు, జల్దీ రా" అన్నాడు. ఆ తినేది ఎవరో నేను అడగలేదు. కొత్తలో అయితే ఏడ్చేదాన్ని. ఇప్పుడు డబ్బా మూత గట్టిగా నొక్కి సంచిలో పెట్టేశాను.

మేము వెళ్తున్నది ఒకప్పటి రాష్ట్రపతి చిన్నతనంలో పెరిగిన ఇంటికి. కర్నూలు దాటి ఇంకా మూడు గంటలు పోవాలి. అది 2001, స్థానిక ఎన్నికలకు నోటిఫికేషన్ వచ్చిన వారం. మండలాధ్యక్ష పదవి మళ్లీ మహిళలకే వచ్చింది, కాబట్టి ఎంపీటీసీ నామినేషన్ మళ్లీ నా పేరు మీదే వేయాలి. మా శామీర్‌పేట దిక్కు నామినేషన్ కాగితాన్ని దేవుడి ముందు పెట్టి పూజ చేయించనిదే ఎవరూ దాఖలు చేయరు. ఎదుటి పార్టీ వాళ్లు కూడా అదే గుళ్లో, అదే పూజారితో చేయిస్తున్నారని మా ఆయనకు దిగులు. ఆ పెద్దాయన చదువుకున్న బల్ల మీద పెట్టి సంతకం చేస్తే ఆ కాగితానికి ఓటమి లేదని ఎవరో చెప్పారట. అంతే, సుమో మాట్లాడేశాడు. అత్తమ్మ దుర్గాబాయి అదేదో కొత్త గుడి అనుకుని కొబ్బరికాయ, పసుపు, అగరొత్తులు సంచిలో వేసుకుంది. ఎవరూ ఆమెకు విడమరిచి చెప్పలేదు.

కర్నూలు దాటాక అంతా నల్లరేగడి. కంటికి ఆనినంత దూరం ఒక్క చెట్టు లేదు, దున్ని వదిలేసిన నేల, దాని మీద తిన్నగా ఒక రోడ్డు. ఎంతసేపు పోయినా ఎక్కడికీ పోనట్టే ఉంది. వర్ష నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. డిగ్రీ అయిపోయింది దానికి. వరంగల్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, వచ్చే నెల హాస్టల్లో చేరాలి. మా ఇంట్లో చదువు కోసం గడప దాటబోతున్న మొదటి ఆడపిల్ల అదే. ఆ తల బరువు నా భుజం మీద మోస్తూ ఆరేళ్ల కిందట నేను మండలాధ్యక్షురాలినైనప్పటి సంగతులు తలచుకున్నాను. అప్పుడు నేనూ సంబరపడ్డాను. పదో తరగతి చదివినదాన్ని, ఒక నోటుబుక్కు కొని మండలంలో చేయాల్సిన పనులన్నీ రాసుకున్నాను. ఆడపిల్లల బడికి బాత్రూములు అన్నది మొదటిది. మొదటి మీటింగులో ఆ మాట ఎత్తగానే వెనక కుర్చీలోంచి మా ఆయన దగ్గాడు. అధికారులందరూ నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక, "సంతకం నీది, తిప్పలు నాయి. నడుమ నువ్వెందుకు పరేషాన్ అయితవ్" అన్నాడు. రెండో మీటింగు నుంచి నా కుర్చీలో ఆయనే కూర్చున్నాడు. నేను పక్క గదిలో కూర్చుని, వచ్చిన వాళ్లకు చాయ పోయించేదాన్ని. ఫైళ్లు ఇంటికే వచ్చేవి, రొట్టెల పిండి చేతులు కడుక్కుని సంతకాలు పెట్టేదాన్ని. చదవబోతే, పొయ్యి మీద కూర మాడుతోందని అత్తమ్మ కేకేసేది. జనం ఆయన్ని ప్రెసిడెంట్ సాబ్ అన్నారు, నన్ను సాబ్ భార్య అన్నారు. ఒకసారి జవహర్‌నగర్ వైపు నుంచి బుచ్చవ్వ అనే కూలి మనిషి వచ్చింది. బోరు నీళ్లు కంపు కొడుతున్నాయి, పిల్లలు తాగలేకపోతున్నారు. ఆడ ప్రెసిడెంట్‌తో చెప్పుకుంటానని, ఆ రోజు కూలి వదులుకుని మూడు గంటలు కూర్చుంది. అంతా విని, సార్‌తో చెబుతానన్నాను. ఆమె లేచి కొంగు దులుపుకుంది.

"నువ్వు గూడ మా లెక్కనేనా అవ్వా" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నా మీద జాలిపడి వెళ్లిపోయింది. తర్వాత ఆ బోరు సంగతి రెండుసార్లు గుర్తు చేశాను, మూడోసారి నాకే సిగ్గేసింది.

ఆ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మట్టి మిద్దె, మూడు గదులు, సున్నం కొత్తగా వేశారు. అక్కడి కావలివాడు ముత్తయ్య, ఎవరు మీరని అడిగితే మా ఆయన ఛాతీ ముందుకు పెట్టి, మండలానికి మాజీ ప్రెసిడెంటునని చెప్పాడు. ముత్తయ్య వంగి దండం పెట్టి ఆయనకు కుర్చీ తెచ్చి వేశాడు. నేను ఎండలో చెప్పులు విడుస్తూ నిలబడ్డాను. అత్తమ్మ గడప మీద కొబ్బరికాయ కొట్టబోతే ముత్తయ్య పరుగెత్తుకొచ్చి ఆపాడు. దేవుడు ఏ గదిలో ఉన్నాడని ఆమె అడిగింది. వర్ష నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత.

లోపలి గదిలో కిటికీ కింద పొట్టి బల్ల. మా ఆయన ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసి, దాని మీద పరిచి, మూలకు పసుపు అద్దాడు. పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు.

"నేను నిలబడను" అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నా వైపు చూడనైనా చూడలేదు. కవర్లో మళ్లీ చేయి పెట్టి ఇంకో ఫారం తీశాడు. దిద్దుళ్లు పడితే పనికొస్తుందని రెండోది తెచ్చాడట.

"వర్షకు మొన్ననే ఇరవై ఒకటి నిండె గద" అన్నాడు. "ఓటరు లిస్టుల పేరు గూడ ఉన్నది. మంచిదే, చదువుకున్న పిల్లంటే ఓట్లు మస్తు పడ్తయి."

వరంగల్ మాట నేను ఎత్తాను. గెలిచిన పిల్ల ఊళ్లో ఉండకపోతే ఎట్లా, ఆ సీటు ఎటూ పోదు, అయిదేళ్లయినంక చూసుకోవచ్చు అన్నాడు. ఊళ్లోనే సంబంధం చూస్తే సరి అని అత్తమ్మ అందుకుంది. నేను వర్ష వైపు చూశాను. అది వద్దంటుందని చూశాను. దాని మొహం వెలిగిపోతోంది.

"నేను నిలబడ్త బాపూ" అంది. "ఫస్టు ఆడపిల్లల బడికి బాత్రూములు కట్టిస్త."

నా నోటుబుక్కును అది ఎన్నడూ చూడలేదు. దానంతట అదే అనుకుంది ఆ మాట. ఆ దగ్గు ఎలా ఉంటుందో దానికి తెలియదు. పక్క గది తెలియదు. చెబితే నమ్మదు, నేను మా అమ్మ మాట నమ్మానా? తనని అలా చేయనివ్వరని ఎవరు చెప్పినా, తాను వేరే అనుకుంటుంది. అనుకోవాలి కూడా. మా ఆయన రెండో ఫారం బల్ల మీద పరుస్తున్నాడు.

దాన్ని పక్కకు నెట్టాను. మొదటి కాగితం దగ్గరికి లాక్కుని, పేరు రాయాల్సిన చోట యమున అని రాసి, కింద సంతకం పెట్టాను. మా ఆయన నవ్వుతూ, వేషాలన్నీ అయిపోయాయా అన్నాడు. అత్తమ్మ కాగితానికి దండం పెట్టుకుంది.

వర్ష కదలకుండా నిలబడింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నా బిడ్డ నా వైపు ఎన్నడూ అలా చూడలేదు.

"వద్దన్నదానివి, నన్ను అనంగనే సంతకం పెట్టినవ్. కుర్చీ మీద గింత ఆశనా అమ్మా నీకు?"

"అవును బిడ్డా, ఆశనే" అన్నాను.